డిస్టార్షన్ పెడల్‌లో వాల్వు: అలంకారమా? అవసరమా?

ఎలక్ట్రిక్ గిటారు వాయించే మన కుర్రాళ్ళలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయి వుంది. వాల్వు వుంటే శబ్దం కమ్మగా వుంటుందనీ, ట్రాన్సిస్టరో ఐ.సి.యో అయితే గరగరలాడుతుందనీ. అందుకని తమ దగ్గరున్న డిస్టార్షన్ పెడల్‌లో ఒక వాల్వు బిగించేస్తే చాలు, అది పెద్ద ఆంప్లిఫయరులా పలుకుతుందని అనుకుంటారు. ఈ నమ్మకంలో నిజం కొంత వుంది, అపోహ అంతకన్నా ఎక్కువ వుంది. వాల్వుని ఎక్కడ పెట్టాం, దానికి ఏం పని అప్పగించాం అన్న దాన్ని బట్టి అది పని చేస్తుంది, లేకపోతే పెట్టెలో దీపంలా ఊరికే వెలుగుతూ కూర్చుంటుంది. డబ్బు పెట్టి కొనే ముందు, టంకం కడ్డీ వేడి చేసే ముందు, ఈ తేడా తెలుసుకోవడం మంచిది. పైగా ఈ పనిలో ప్రాణానికి సంబంధించిన విషయం కూడా ఒకటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆర్ట్స్ విద్యార్థుల కోసం ముందు నాలుగు మాటలు. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల హీటరు వుంటుంది. అది వేడెక్కించిన కేథోడు నుంచి ఎలక్ట్రానులు బయల్దేరి, ధన విద్యుత్తు వున్న ప్లేటు వైపు పరుగెత్తుతాయి. 1904లో ఫ్లెమింగ్ చేసిన వాల్వులో ఇంతే వుండేది. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఈ దారి మధ్యలో సన్న తీగతో చేసిన గ్రిడ్ అనే జల్లెడ పెట్టాడు. గ్రిడ్ మీద వోల్టేజి కొంచెం మారితే ప్లేటుకి చేరే కరెంటు బాగా మారుతుంది. పంట కాలువ తూములాంటిదన్నమాట: తలుపు జానెడు కదిపితే చాలు, నీళ్ళ ప్రవాహం ఎంతో మారిపోతుంది. మన ఇళ్ళలో పాత రేడియోలు వార్తల టైముకి అరనిమిషం ముందే స్విచ్ వేస్తే గాని మాట్లాడేవి కాదు. ఆ అరనిమిషం ఈ హీటరు వేడెక్కడానికే. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఇలాంటి రేడియో వాల్వులు మన దేశంలోనే తయారు చేసేవారు కూడా.

ఇక డిస్టార్షన్ చరిత్ర చూస్తే అదంతా పాడైపోయిన సామాను చరిత్రే. 1951లో వచ్చిన ‘రాకెట్ 88’ రికార్డులో గిటారు బొంగురుగా పలకడానికి కారణం దెబ్బతిన్న ఆంప్లిఫయరు. 1961లో మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’లో గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు స్టూడియో పరికరంలో లోపం వల్ల బరబరమని పలికింది. విన్నవాళ్ళకి అది నచ్చింది. ఆ లోపాన్నే కావాలని పుట్టించే పెట్టె 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో మార్కెట్లోకొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ తర్వాత దాని పేరు మారుమోగింది. తమాషా ఏమంటే, అందులో వున్నవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాల్వు ఒక్కటీ లేదు. అంటే ఈ జాతి పెడళ్ళు పుట్టుకతోనే ట్రాన్సిస్టరు బిడ్డలు. 1978లో బాస్ కంపెనీ డిఎస్-1, 1979లో ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ వచ్చాయి. ఈ రెండో దాని పేరులో ట్యూబ్ వుంది గాని, పెట్టెలో ఎక్కడ వెతికినా వుండదు!

అసలు చెవికి ఏం జరుగుతోంది?

ఒక తీగ మీటితే మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఇలా పౌనఃపున్యాలు గల అనుస్వరాలు కూడా పలుకుతాయి. మూల స్వరం షడ్జం అనుకోండి. రెండోది పై స్థాయి షడ్జం. మూడోది దానిమీద పంచమం. నాలుగోది మళ్ళీ షడ్జం. అయిదోది అంతరగాంధారం. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటకుండానే గాంధారం వినిపిస్తుందని సంగీతం వాళ్ళు చెబుతారే, అది ఈ అయిదో అనుస్వరమే.

తరంగం శిఖరాలు నరికేస్తే లేని అనుస్వరాలు కొత్తగా పుడతాయి. పైనా కిందా సమానంగా నరికితే మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి సంఖ్యలవే పుడతాయి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నరికితే రెండు, నాలుగు లాంటి సరి సంఖ్యలవి కూడా కలుస్తాయి. రెండోది షడ్జానికి షడ్జమే గనక స్వరం నిండుగా వినిపిస్తుంది. వాల్వుకి వున్న గొప్పంతా ఇక్కడే వుంది. దాని వక్రరేఖ ఒక చివర, అంటే కరెంటు ఆగిపోయే వైపు, నిదానంగా వంగుతుంది. రెండో చివర, గ్రిడ్ ధనాత్మకమై తానే కరెంటు తాగడం మొదలుపెట్టే వైపు, గట్టిగా వంగుతుంది. రెండు చివర్లూ ఒకేలా వుండవు. ఇందులో మంత్రమేమీ లేదు. రెండు వైపులా వేర్వేరు డయోడ్లు పెట్టినా సరి అనుస్వరాలు వస్తాయి. కాని ఆ వంపు నెమ్మదితనం, మీటు బలాన్ని బట్టి అది మారే తీరు, వాల్వులో తేలిగ్గా దొరుకుతాయి.

రెండు తీగలు ఒకేసారి మీటితే కథ ఇంకా రక్తి కడుతుంది. డిస్టార్షన్‌లో రెండు స్వరాల మొత్తం, తేడా అనే కొత్త స్వరాలు పుడతాయి. షడ్జ పంచమాల నిష్పత్తి 2:3. తేడా 1, అంటే ఒక స్థాయి కింది షడ్జం. వాయించని మంద్ర స్వరం తానే వచ్చి చేరుతుంది. రాక్ వాద్యకులు సా-పా జంటనే ఎందుకు పట్టుకు వేలాడతారో దీంతో తెలుస్తుంది. అదే సా-గా జంట తీసుకుంటే, శుద్ధమైన నిష్పత్తి 4:5 కావాలి. కాని గిటారు ఫ్రెట్లు సమాన విభజనతో వేసినవి కాబట్టి అది సుమారు 4:5.04 అవుతుంది. తేడా 1 రావాల్సింది 1.04 వస్తుంది. చూడ్డానికి చిన్న అంకె; చెవికి మాత్రం అది ఒక ఫ్రెట్టు దూరంలో మూడింట రెండు వంతుల అపశ్రుతి! అందుకే డిస్టార్షన్ పెంచి పూర్తి కార్డులు వాయిస్తే బురద తొక్కినట్టుంటుంది. ఏ వాల్వూ దీన్ని బాగుచెయ్యలేదు. (పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికంతా వినిపించింది శుభ్రమైన నాదంతో. గమకానికి ఏం కావాలో ఆయన చెవికి తెలుసు.)

పెడల్ లోపల

ఉదాహరణకి ట్యూబ్ స్క్రీమర్ టిఎస్9నే తీసుకుందాం. దీని సర్క్యూట్ అందరికీ తెలిసినది, దీన్ని చూసి చేసిన నకళ్ళు కూడా బోలెడు. ఇందులో ఒక ఆపరేషనల్ ఆంప్లిఫయరు, దాని ఫీడ్‌బాక్ దారిలో ఎదురెదురుగా రెండు సిలికాన్ డయోడ్లు వుంటాయి. డ్రైవ్ నాబు కనిష్ఠంలో సుమారు 12 రెట్లు, గరిష్ఠంలో 118 రెట్లు పెంపు. అదీ 720 హెర్ట్జులకి పైన మాత్రమే; కిందికి పోయేకొద్దీ పెంపు తగ్గుతుంది. అందుకే ఈ పెడల్‌లో బాస్ పలచగా, మధ్యమ స్థాయి ముందుకొచ్చి వినిపిస్తుంది. డయోడ్లు దాదాపు 0.6 వోల్టు దగ్గర శిఖరాలని అణిచేస్తాయి. తర్వాత టోను, తర్వాత లెవెల్ నాబు, చివర ఒక ట్రాన్సిస్టరు బఫరు.

చాలామంది చేసేదేమంటే, డ్రైవ్ గరిష్ఠానికి తిప్పి, డయోడ్లని అలాగే వుంచి, వాటి తర్వాత వాల్వు తగిలిస్తారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బాగా నరికిన తరంగం దాదాపు చతురస్ర తరంగం. చతురస్ర తరంగానికి వున్నవి రెండే మట్టాలు: పైది, కిందిది. వాల్వు వక్రరేఖ ఎంత అందంగా వంగినా ఏం లాభం? రెండు మట్టాలు లోపలికెళితే రెండు మట్టాలే బయటికొస్తాయి. వాటి ఎత్తు మారవచ్చు గాని ఆకారం అదే చతురస్రం! తల పూర్తిగా గొరిగేశాక మంగలిని మార్చితే ఏమొస్తుంది? వాల్వు పెట్టినా తేడా కనపడలేదని నిరాశపడేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే. టిఎస్9 కొంత నయం. ఫీడ్‌బాక్‌లో డయోడ్లు వున్నందువల్ల అసలు సంకేతం కొంత కలిసే వస్తుంది. టోను దశ అంచుల్ని గుండ్రం చేస్తుంది. కాబట్టి వాల్వుకి వంపు తిప్పడానికి కాస్త వాలు మిగులుతుంది. డయోడ్లు నేరుగా భూమికి కట్టిన పెడళ్ళలో అదీ వుండదు.

అందువల్ల వాల్వు పెట్టే ముందు చెయ్యాల్సిన మార్పు డయోడ్ల దగ్గర వుంది. ఆ రెండు డయోడ్ల దగ్గర మూడు స్థానాల చిన్న స్విచ్ పెట్టండి: ఒక స్థానంలో పాత సిలికాన్ డయోడ్లు, ఒక దాంట్లో రెండు ఎర్ర ఎల్ఇడి దీపాలు, మధ్యలో ఏమీ లేకుండా. ఎర్ర ఎల్ఇడి 1.7 వోల్టుల దాకా ఊరుకుంటుంది కాబట్టి వాల్వుకి చేరే సంకేతం పెద్దదీ, తక్కువ నలిగినదీ అవుతుంది. డయోడ్లు లేని స్థానంలో డ్రైవ్ తక్కువలో వుంచాలి. గిటారు నుంచి 0.1 వోల్టు వస్తే 12 రెట్లకి 1.2 వోల్టులవుతుంది, మీటు బలం హెచ్చుతగ్గులు అలాగే మిగిలి వాల్వుకి చేరతాయి. అదే 118 రెట్లకి తిప్పితే 9 వోల్టుల మీద నడిచే ఐ.సి. తానే గోడకి కొట్టుకుని చతురస్రం తయారుచేస్తుంది. మళ్ళీ మొదటికొచ్చామన్నమాట.

ఏ వాల్వు? ఎన్ని వోల్టులు?

అందరూ చెప్పే పేరు 12ఏఎక్స్7. ఐరోపాలో దీన్నే ఇసిసి83 అంటారు. ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. పుస్తకంలో దీని పెంపు గుణకం 100 అని వుంటుంది. కాని ఆ లెక్కలు ప్లేటు మీద 250 వోల్టులున్నప్పటివి. 12 వోల్టుల దగ్గర దీనిలో పారేది మైక్రో ఆంపియర్ల కరెంటు మాత్రమే. పెంపు ఆ వందలో చిన్న భాగమే దక్కుతుంది. దీన్నే ఇంగ్లీషులో పస్తు పెట్టిన ప్లేటు అంటారు. పస్తున్న వాల్వు త్వరగా వంగుతుంది. మనకి కావాల్సిందీ వంపే గనక అది దోషం కాదు. అయితే ఈ పద్ధతిలో వినిపించేది పెద్ద ఆంప్లిఫయరు శబ్దం కాదని ఒప్పుకోవాలి. అది వేరే రుచి. తక్కువ వోల్టేజికి నా సిఫార్సు 12ఏయు7, అంటే ఇసిసి82. పెంపు తక్కువ గాని కరెంటు ఎక్కువ ఇస్తుంది. రెండింటికీ కాళ్ళ అమరిక ఒకటే కాబట్టి అదే సాకెట్లో మార్చి మార్చి వినవచ్చు. కారు రేడియోల కోసం 12 వోల్టుల మీదే పనిచేసేలా ప్రత్యేకంగా చేసిన ఇసిసి86 లాంటి వాల్వులు ఒకప్పుడు వుండేవి. మామూలు రకాలు నేటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లో తయారవుతున్నాయి. 2015లో జపాన్‌లో కోర్గ్, నోరిటేక్ సంస్థలు కలిసి న్యూట్యూబ్ అనే బల్లపరుపు వాల్వుని తెచ్చాయి. అది తక్కువ కరెంటు తాగుతుంది. కాని దాని సర్క్యూట్ వేరు.

హీటరుకి 12.6 వోల్టుల దగ్గర 0.15 ఆంపియరు కావాలి. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ దీన్ని సరిగా వేడి చెయ్యలేదు, చేసినా రెండు మూడు గంటల్లో హరీమంటుంది. కాబట్టి బ్యాటరీ మాట మరిచిపోండి. 12 వోల్టులు, ఒక ఆంపియరు ఇచ్చే రెగ్యులేటెడ్ డి.సి. అడాప్టరు తీసుకోండి. చల్లగా వున్న హీటరు మొదటి క్షణంలో చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒక ఆంపియరు అనడం అందుకే. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరు 12 అని రాసివున్నా బరువు లేనప్పుడు 16, 17 వోల్టులిచ్చేస్తుంది, జాగ్రత్త. పెడల్ బోర్డుకి మాత్రం 7809 రెగ్యులేటరు ద్వారా దాని తొమ్మిది వోల్టులు దానికివ్వండి. బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కొన్ని 10 వోల్టులకే తట్టుకునేవి వుంటాయి. వాటికి 12 ఇవ్వడం భావ్యం కాదు. ఈ రకం పెడళ్ళలో ప్లగ్గు మధ్య సూది రుణం అన్నది కూడా మరవకండి.

కట్టడం

లెవెల్ నాబు మధ్యకాలు నుంచి తర్వాతి కెపాసిటర్‌కి పోయే దారి తెంచండి. ఆ సందులోకి వాల్వు దశ వస్తుంది. దీంతో పాత లెవెల్ నాబు వాల్వుని ఎంత తొయ్యాలో నిర్ణయించే నాబుగా మారుతుంది. అక్కణ్ణుంచి 0.0047 మైక్రోఫారడ్ కెపాసిటరు, తర్వాత 68 కిలో ఓముల నిరోధం, దాని నుంచి గ్రిడ్ (2వ కాలు). కెపాసిటరూ నిరోధమూ కలిసే చోటి నుంచి భూమికి ఒక మెగా ఓము. కేథోడు (3వ కాలు) నేరుగా భూమికి. ప్లేటు (1వ కాలు) నుంచి 12 వోల్టులకి 47 కిలో ఓములు, దానితో వరసగా 500 కిలో ఓముల ప్రీసెట్. ప్లేటు నుంచి 0.022 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా కొత్తగా పెట్టిన 500 కిలో ఓముల లెవెల్ నాబుకి. దాని మధ్యకాలు పాత కెపాసిటరుకి. హీటరు 4, 5 కాళ్ళ మధ్య. 9వ కాలు ఖాళీ. రెండో ట్రయోడు 6, 7, 8 కాళ్ళని భూమికి కలిపెయ్యండి. ప్లేటుకి పోయే 12 వోల్టుల దారిలో 100 ఓములు, 100 మైక్రోఫారడ్ పెడితే అడాప్టరు కూత తగ్గుతుంది. హీటరు తీగలు భూమి దగ్గర విడిగా కలపాలి.

ఆ 0.0047 చూసి ఇంత చిన్నదేమిటని పెంచకండి. గ్రిడ్ ధనాత్మకమైనప్పుడు కరెంటు తాగుతుందన్నాం గదా, ఆ కరెంటు ఈ కెపాసిటరుని నింపుతుంది. గట్టిగా మీటగానే అది నిండి, గ్రిడ్‌ని రుణంలోకి లాగి, వాల్వు గొంతు నొక్కుతుంది. మళ్ళీ ఖాళీ అయ్యేదాకా స్వరం కక్కసపడుతుంది. 0.1 మైక్రోఫారడ్, ఒక మెగా ఓము అయితే ఆ కాలం 100 మిల్లీ సెకండ్లు. చెవికి స్పష్టంగా తెలుస్తుంది. 0.0047 అయితే 5 మిల్లీ సెకండ్ల లోపే. మరి బాస్ పోదా అంటారేమో. ఈ జంట కోత 34 హెర్ట్జుల దగ్గర. గిటారు అతి మందమైన తీగ 82 హెర్ట్జులు. పోయేదేం లేదు.

ఇప్పుడు మీటరు తీసి, వాల్వు వేడెక్కాక ప్లేటు వోల్టేజి 6కి అటూఇటూ వచ్చేలా ప్రీసెట్ తిప్పండి. వాల్వు వాల్వుకీ తేడా వుంటుంది, అందుకే స్థిరమైన నిరోధం చెప్పలేదు. ఆరు దగ్గర పెట్టాక చెవితో వింటూ కొంచెం అటూఇటూ జరిపితే రుచి మారడం తెలుస్తుంది. డిజిటల్ మీటరే వాడండి. ల్యాబుల్లో వుండే ముల్లు మీటరు వోల్టుకి 20 కిలో ఓములది అయితే, 10 వోల్టుల రేంజిలో అదే 200 కిలో ఓముల బరువై కూర్చుని తప్పు చూపిస్తుంది.

సాకెట్‌ని రబ్బరు వాషర్ల మీద, కాలితో తొక్కే స్విచ్‌కి దూరంగా బిగించండి. లోపలి రేకులు కదిలితే వాల్వు మైక్రోఫోనులా మోగుతుంది. పెన్సిలుతో తడితే తెలిసిపోతుంది. హీటరు దాదాపు 2 వాట్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి పెట్టెకి నాలుగు కన్నాలు కావాలి. టిఎస్9 డబ్బాలో ఇదంతా పట్టదు, వేరే అల్యూమినియం డబ్బా పక్కన బిగించుకోవాల్సిందే. నిరోధాలు, కెపాసిటర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ప్రాణం సంగతి

పన్నెండు వోల్టులతో తృప్తి లేక కొందరు 250 వోల్టుల కోసం వెళతారు. పన్నెండుని రెండు వందల పైకి ఎత్తే చిన్న కన్వర్టరు బోర్డులు దొరుకుతున్నాయి. ఇంకా తెగించినవాళ్ళు పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరే కాలికింది పెట్టెలో పెట్టాలని చూస్తారు. వద్దు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో ఆ వోల్టేజి నిలిచే వుంటుంది. ఒక చెయ్యి డబ్బా మీద, ఇంకో చెయ్యి ప్లేటు మీద పడితే కరెంటు పోయే దారి గుండె మీదుగానే. గిటారు తీగలు ఎప్పుడూ భూమికి కలిసి వుంటాయి, వాయించేవాడి చేతులు ఎప్పుడూ తీగల మీద వుంటాయి. 1972 మే 3న ‘స్టోన్ ద క్రోస్’ బృందం గిటారిస్టు లెస్ హార్వీ వేల్స్‌లోని స్వాన్సీలో వేదిక మీదే, ఎర్తింగ్ సరిగా లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. 1976లో ‘యార్డ్‌బర్డ్స్’ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో గిటారు వాయిస్తూ అలాగే పోయాడు. వాళ్ళిద్దరినీ చంపింది పెడల్ కాదు, ఎర్తింగ్ లోపం. మన హాస్టళ్ళలో మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గులు, వార్షికోత్సవం షామియానా కింద రెండు తీగలతో లాగిన కనెక్షన్లు తలుచుకోండి. వాయించే ముందు వేదిక మీద మైకుకీ గిటారు తీగకీ మధ్య మీటరు పెట్టి ఏ.సి. వోల్టేజి చూడడానికి అర నిమిషం చాలు. ముల్లు కదిలితే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, పాట తర్వాత.

ఇక చివరగా, పెట్టింది పనిచేస్తోందా లేదా అన్న పరీక్ష. ముందు మార్పు చేసిన దాన్నీ చెయ్యని దాన్నీ సమానమైన శబ్దమట్టానికి తీసుకురండి. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందని చెవి తీర్పు చెబుతుంది, దాన్ని నమ్మకండి. వీపు తిప్పి కూర్చుని, స్నేహితుడి చేత చెప్పకుండా స్విచ్ మార్పించి, ఏది ఏదో పది ఇరవై సార్లు కాగితం మీద రాయండి. సగం తప్పితే తేడా మీ మనసులోనే వుందని అర్థం. రెండోది ఇంకా తేలిక. హీటరు తీగ ఒక్కటి తీసేసి వాయిస్తూ వుండండి. మన సర్క్యూట్‌లో వాల్వు చల్లారేకొద్దీ శబ్దం నీరసించి కొన్ని సెకండ్లలో ఆగిపోవాలి. కొన్ని పెడళ్ళలో కిటికీ వెనక వాల్వు, దాని కింద నారింజ రంగు ఎల్ఇడి వుంటాయి. అలాంటిది ఎవరైనా అమ్మజూపితే, కొనే ముందు దానికీ ఇదే పరీక్ష పెట్టమని అడగండి.